ముస్లింల పుస్తకం ఏ బీరువాలో ఉండాలి?

వర్గీకరణ అనే మాట చెవిన పడగానే మన పాఠకులకు మొదట గుర్తుకు వచ్చేది రిజర్వేషను. బీసీ-ఇ అనే చిన్న మాట కోసం మన సముదాయం ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిందో, 2007లో చట్టమై వచ్చిన 4 శాతం ఎన్ని వాదోపవాదాల నడుమ నెట్టుకొస్తున్నదో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. జాబితాలో మన పేరు ఉన్నదా లేదా, ఉంటే ఏ పేరుతో ఉన్నది అన్నదానిపై ఒక పిల్లవాడి కళాశాల సీటు ఆధారపడి ఉంటుందని అనుభవంతో తెలుసుకున్నవాళ్లం మనం. అటువంటి మనం, మన చరిత్రనూ మన సాహిత్యాన్నీ మన ఆచారాలనూ జాబితా కట్టే మరొక వర్గీకరణను మాత్రం ఇంతవరకు పట్టించుకోలేదు. అది గ్రంథాలయాల్లో పుస్తకాలకు జరిగే వర్గీకరణ.

కొన్ని నెలల కిందట మేము ఒక పట్టణ గ్రంథాలయానికి వెళ్లాము. ఊరి పేరు చెప్పము, ఎందుకంటే ఈ లోపం ఆ ఊరికి మాత్రమే సంబంధించినది కాదు. మాతో వచ్చిన డిగ్రీ విద్యార్థిని ఒకరు తెలుగులో ముస్లింల జీవితం మీద వచ్చిన కథలు కావాలని అడిగింది. కథల అరలన్నీ వెదికినా ఒక్క సంకలనమూ కనబడలేదు. తిరిగి వచ్చేస్తుండగా మతగ్రంథాల బీరువాలో, నమాజు నేర్పే చిన్న పుస్తకానికీ హజ్ యాత్రికుల కరదీపికకూ మధ్య, ఒక ముస్లిం కథల సంకలనం ఇరుక్కుని కనబడింది. గ్రంథపాలకులు మర్యాదస్తులు. అడిగితే నొచ్చుకోకుండా సమాధానమిచ్చారు: "ముస్లింల పుస్తకం కదండీ, అందుకే ముస్లిం బీరువాలో పెట్టాం."

ఆ మాటలో ద్వేషం లేదు. ఆయన పుస్తకాన్ని కనబడేలా పెట్టాలనే అనుకున్నారు. నిబంధన ప్రకారం చూస్తే ఆ సంకలనం తెలుగు సాహిత్యానికి కేటాయించిన 894.827 కింద, మిగతా తెలుగు కథలతో పాటు ఉండాలి. డ్యూయీ దశాంశ వర్గీకరణలో సాహిత్యాన్ని భాషను బట్టి, ప్రక్రియను బట్టి విభజిస్తారు. రచయిత నమాజు చదువుతాడా, గుడికి వెళతాడా అన్నది ఆ విభజనకు అనవసరం. ఇస్లాంకు కేటాయించిన 297లోకి కథలు వెళ్లడం స్పష్టంగా పొరపాటే. కానీ ఆ పొరపాటును దిద్ది, పుస్తకాన్ని సరైన అరలో పెట్టిన మరుక్షణం ఏమవుతుంది? వేలాది తెలుగు కథా సంపుటాల నడుమ అది మునిగిపోతుంది. 'ముస్లింల జీవితం' అని అడిగిన ఆ అమ్మాయికి కేటలాగు ఏమీ చూపించదు. సరిగ్గా పెడితే కనబడదు, కనబడేలా పెడితే తప్పు బీరువాలో పడుతుంది. మన వాదమంతా ఈ చిక్కు చుట్టూనే.

ఈ చిక్కు మన ఒక్కరిదీ కాదు, ఈనాటిదీ కాదు. అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని హోవార్డ్ విశ్వవిద్యాలయం నల్లజాతివారి విద్యాసంస్థ. అక్కడ 1930లో గ్రంథపాలకురాలిగా చేరిన డొరొతీ పోర్టర్, ఇతర గ్రంథాలయాలు నల్లజాతి రచయితల పుస్తకాలను ఎలా సర్దుతున్నాయో విచారించారు. బానిసత్వానికి కేటాయించిన 326, వలసలకు కేటాయించిన 325, ఈ రెండు సంఖ్యలలోనే దాదాపు అన్నిటినీ కూరుతున్నారని తేలింది. కవిత్వం రాసినా సరే, రాసినవాడు నల్లవాడైతే పుస్తకం వలసల అరలోకి పోవలసిందే. ఆమె దీనిని అంగీకరించలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. నల్లజాతి రచయితల గ్రంథసూచికలను ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేశారు. అరలు అందరితో సమానంగా ఉండాలి, వెదికే దారి మాత్రం ప్రత్యేకంగా ఉండాలి అన్నది ఆమె చేసి చూపిన పద్ధతి. 

ఇక డ్యూయీ సంగతి. మెల్విల్ డ్యూయీ తన పద్ధతిని 1876లో ప్రచురించాడు. సమస్త విజ్ఞానాన్నీ పది వర్గాలుగా చేసి, 200ను మతానికి ఇచ్చాడు. ఆ 200లలో 220 నుంచి 289 వరకు బైబిలుకూ క్రైస్తవానికీ పోగా, ప్రపంచంలోని మిగిలిన మతాలన్నిటికీ మిగిలింది 290 ఒక్కటే. భారతీయ మతాలకు 294, యూదు మతానికి 296, ఇస్లాంకు 297. ఆ 297లోనే బాబీ, బహాయీ మతాలకూ చోటు చూపించారు. తొలి ముద్రణలలో మన సంఖ్యకు పెట్టిన పేరు 'మహమ్మదీయ మతం'. మేము ప్రవక్త ముహమ్మద్ (స) వారి అనుయాయులమే గాని ఆయనను ఆరాధించేవారము కామని మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా, ఆ పేరు దశాబ్దాల పాటు కార్డు కేటలాగుల మీద నిలిచింది. డ్యూయీ మహాశయుడి స్వభావం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆయన నడిపిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులోకి యూదులకు ప్రవేశం లేదు. దానిపై 1905లో యూదు ప్రముఖులు ఫిర్యాదు చేశారు. ఆయన పేరు మీద ఇస్తున్న పతకం నుంచి ఆ పేరును తొలగించాలని అమెరికా గ్రంథాలయ సంఘం 2019లో తీర్మానించింది.

ఇంత చెప్పి, డ్యూయీని తగలబెట్టమని మేము అనబోవడం లేదు. 1996లో వచ్చిన 21వ ముద్రణలో 297ను విస్తరించి సవరించారు. ఖురాన్, హదీసులు, ఆరాధన, సూఫీమార్గం, నీతి, శాఖోపశాఖలు అన్నిటికీ ఇప్పుడు అందులో చోటున్నది. సార్వత్రిక దశాంశ వర్గీకరణ మరింత ముందుకు వెళ్లి 2000లో మతవర్గాన్ని మొత్తం తిరగరాసి, ఇస్లాంకు 28 అనే సొంత స్థానం ఇచ్చింది. అందులో ఆరాధనకైనా, ధర్మగ్రంథాలకైనా ప్రతి మతానికీ ఒకే కొలబద్ద. మన దేశపు రంగనాథన్ 1933లోనే తన ద్విబిందు వర్గీకరణలో ఇస్లాంను ఇతర మతాలతో సమానంగా ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. అంకె పొడవుగా ఉంటే అవమానం, పొట్టిగా ఉంటే గౌరవం అని వాదించేవారు మనలో కొందరున్నారు. మేము ఆ వాదనతో ఏకీభవించము. అంకె అనేది ఇంటి నంబరు వంటిది. ఇంటి నంబరులో మూడు అంకెలున్నా ఏడు అంకెలున్నా నష్టం లేదు. వీధిలో మన పేరు చెబితే ఎవరూ ఇల్లు చూపించలేకపోవడమే నష్టం.

పేరు చెబితే ఇల్లు చూపించే పనిని గ్రంథాలయ శాస్త్రంలో విషయ పదజాలం చేస్తుంది. ఒక రంగంలో వాడే మాటలన్నిటినీ సేకరించి, ఏది ప్రధానమైన మాట, ఏది దానికి మారుపేరు, దేనికంటే ఏది విశాలం, దేనికి ఏది దగ్గరి చుట్టం అని నిర్ణయించిన జాబితా అది. వైద్యులకు అటువంటి జాబితా ఉన్నది. వ్యవసాయ శాస్త్రజ్ఞులకూ ఉన్నది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే 'అగ్రోవాక్'లో ఎన్నో ప్రపంచ భాషల మాటలతో పాటు తెలుగు మాటలు కూడా ఉన్నాయి. దానిని ఇతర పదజాలాలతో అనుసంధానించారు కూడా. వరికీ వేరుశనగకూ ఆ సౌకర్యం ఉన్నప్పుడు వక్ఫుకు ఎందుకు ఉండకూడదు?

వక్ఫు అన్నాము కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం. ఒక గ్రామంలో కబరస్తాన్ భూమి మీద తగాదా వచ్చింది అనుకోండి. కమిటీవారు ఏం వెదకాలి? వక్ఫు చట్టాల మీద వ్యాఖ్యానాలు న్యాయశాస్త్రంలో, ట్రస్టుల చట్టం దగ్గర ఉంటాయి. షరీఅత్ ప్రకారం వక్ఫు అంటే ఏమిటన్నది ఇస్లామీయ న్యాయానికి కేటాయించిన 340.59లో ఉంటుంది. దానధర్మాల కోణం 297లో ఉంటుంది. భూమి హక్కులూ ఇనాముల రద్దూ 333లో ఉంటాయి. ఆ తాలూకా చరిత్ర 954.84లో ఉంటుంది. ఒకే భూమికి సంబంధించిన సమాచారం అయిదు బీరువాలలో. ఇలా విడిపోవడం తప్పని మేము అనము. ఒకే వస్తువును న్యాయవాది ఒక కోణం నుంచి, చరిత్రకారుడు మరో కోణం నుంచి చూస్తాడు. డ్యూయీకీ ఇది తెలుసు. అందుకే తన పుస్తకం చివర సాపేక్ష సూచిక అని ఒకటి చేర్చాడు. ఒక మాట చూస్తే, ఆ విషయం ఏయే బీరువాలలో పరచుకుని ఉన్నదో అన్ని సంఖ్యలూ ఒక్కచోట కనబడతాయి. అయితే ఆ సూచిక ఇంగ్లీషు మాటలది. ఇంగ్లీషు చదువరి అడగబోయే మాటలు అందులో ఉన్నాయి. మన ముతవల్లీ అడగబోయే మాటలు లేవు.

ముతవల్లీ అడగబోయే మాటలు ఏమిటి? తెలంగాణలో ముంతఖబ్ అంటారు. నిజాం కాలంలో ఇనాముల విచారణ ముగిశాక ఇచ్చిన నిర్ణయ పత్రం అది. మష్రూతుల్ ఖిద్మత్ అంటారు. అదే స్వభావం గల భూమిని కోస్తా, రాయలసీమలలో సర్వీసు ఇనాం అంటారు. కబరస్తాన్‌ను ఒకరు ఖబ్రస్తాన్ అని రాస్తారు, మరొకరు గోరీలు అంటారు, రెవెన్యూ కాగితం ముస్లిం శ్మశానం అంటుంది. ఇన్ని మాటలలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లిన మనిషికి మిగతా మాటల కింద దాగిన పుస్తకాలు కనబడవు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వక్ఫుకు వాడుతూ వచ్చిన విషయ శీర్షిక ఒకటి చూడండి. తెలుగులో చెబితే 'ధర్మాదాయ వినియోగాలు, ట్రస్టులు, ఫౌండేషన్లు', దాని పక్కన బ్రాకెట్లో 'ఇస్లామీయ న్యాయం'. వక్ఫు ట్రస్టు కాదని, అల్లాహ్ పేరిట శాశ్వతంగా అంకితమైన ఆస్తి అని, తిరిగి తీసుకోవడానికి వీలులేనిదని మన న్యాయవాదులు కోర్టులలో గొంతు చించుకుంటారు. అక్కడేమో శీర్షికలోనే అది ట్రస్టులలో ఒక రకమైపోయింది.

2025 సవరణ చట్టం 'వాడుక ద్వారా వక్ఫు' అనే భావనను ఇకమీదట వర్తించకుండా నిర్వచనంలోంచి తీసివేసింది. వందేళ్లుగా నమాజు జరుగుతున్నది, అదే సాక్ష్యం అనే మాటకు ముందున్న బలం ఇప్పుడు లేదు. కాగితం కావాలి. కాగితం ఉన్నచోటు తెలియాలి. కేటలాగు కబరస్తాన్‌ను కాపాడుతుందని మేము చెప్పడం లేదు. అంత అమాయకులం కాము. కాగితం ఉండి కూడా దొరకక ఓడిపోవడం అనే రకం ఓటమినైనా తగ్గించుకోవచ్చని మాత్రమే చెబుతున్నాము.

ఈ మాట ఎత్తినప్పుడల్లా మనవారిలో ఒక వర్గం వెంటనే చెప్పే పరిష్కారం వేరు గ్రంథాలయం, వేరు వర్గీకరణ. దానికీ గౌరవనీయమైన చరిత్ర ఉన్నది. జియావుద్దీన్ సర్దార్ 1979లో లండన్‌లో ఇస్లాం కోసం ఒక ప్రత్యేక వర్గీకరణ పథకాన్ని పుస్తకంగా ప్రచురించారు. యూదుల గ్రంథాలయాల కోసం ఎలాజార్ సోదరులు 1968లో ఒకటి తయారుచేశారు. ఇస్లామీయ జ్ఞానాన్ని లోపలి నుంచి చూస్తే దాని గదులు, గుమ్మాలు ఎలా ఉంటాయో ఇటువంటి పథకాలే చూపించగలవు. ఫిఖ్‌హును మతం ఒక బీరువాలో, న్యాయం ఒక బీరువాలో అని చీల్చడం మన ఆలోచనకు ఎంత పరాయిదో వాటిని చూసినప్పుడు అర్థమవుతుంది. మదరసా గ్రంథాలయాలు అటువంటి పథకాన్ని అనుసరిస్తే మాకు అభ్యంతరం లేదు.

కానీ మన పిల్లలలో ఎక్కువమంది వెళ్లేది ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమూ కడుతున్నాము. ఆ భవనం మనది కూడా. కడపలోనో కరీంనగర్‌లోనో ఉన్న గ్రంథపాలకుడు మన కోసం అరలన్నీ తిరగదోడడు, తిరగదోడమని అడిగే హక్కూ మనకు లేదు. వేరు గ్రంథాలయం కోరుకోవడమంటే, ముస్లిం బీరువాను పెంచి ముస్లిం భవనం చేయడమే. ఆ అమ్మాయి అడిగిన కథలు అప్పుడూ మిగతా తెలుగు కథల పక్కన ఉండవు. 1998లో 'జల్జలా', 2004లో 'వతన్' వచ్చినప్పుడు వాటి వెనుక ఉన్న కవుల, కథకుల పట్టుదల ఏమిటి? మేమూ తెలుగు సాహిత్యమే అని కదా! ఆ పట్టుదలను మన చేతులతో మనమే రద్దు చేస్తామా?

మరో వర్గం గ్రంథాలయ శాఖలో ఉన్నది. '297 ఉన్నది కదా, ఇంకేం కావాలి' అంటుంది. ఈ మాటకు జవాబు పైన కథల పుస్తకమే చెప్పింది.

మేము కోరేది మూడో దారి. మన మాటల జాబితాను మనం తయారుచేసుకుంటాము. దానిలోని ప్రతి మాటను డ్యూయీ సంఖ్యలకు ముడివేస్తాము. అరలు కదలవు, అంకెలు మారవు. మన మాటతో అడిగినవాడికి వాటి వద్దకు దారి మాత్రం దొరుకుతుంది. ఇది మా ఊహాలోకపు ఆలోచన కాదు. జర్మనీ జాతీయ గ్రంథాలయంవారు తమ భాషలోని విషయ శీర్షికలను డ్యూయీ సంఖ్యలతో ఇలాగే కలిపారు. పదజాలాలను ఒకదానితో ఒకటి ఎలా కలపాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 25964, రెండో భాగం, 2013 నుంచి అమలులో ఉన్నది. కంప్యూటరుకు అర్థమయ్యేలా ఆ ముడులను ఎలా రాయాలో చెప్పే 'స్కాస్' అనే పద్ధతి 2009లోనే స్థిరపడింది.

ఆ పద్ధతిలో మాకు అన్నిటికంటే నచ్చినది ముడులన్నీ ఒకటి కావని ఒప్పుకోవడం. రెండు మాటలు కలపాలంటే అవి సరిసమానమా, దాదాపు సమానమా, ఒకటి విశాలమూ మరొకటి సంకుచితమూనా, కేవలం సంబంధం ఉన్నవా అని ముందు తేల్చి చెప్పాలి. జకాత్ అన్న మాటకు 297.54 సరిసమానం, సందేహం లేదు. దర్గా జియారత్‌కు పవిత్ర స్థలాల సంఖ్య విశాలమైనది. వక్ఫుకు ట్రస్టుల సంఖ్య సంబంధం ఉన్నదే తప్ప సమానం కాదు. ఇంతకుముందు చెప్పిన అమెరికా శీర్షిక చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. ముడి వేయడం తప్పు కాదు, ఎటువంటి ముడో చెప్పకుండా వేయడం తప్పు. మన ప్రజాజీవితంలో కూడా ఈ తేడాను గుర్తించేవారు ఎక్కువమంది ఉంటే బాగుండేదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అసలైన పరీక్ష పీర్ల పండుగ దగ్గర వస్తుంది. ఊళ్లో పీర్ల చావిడి అంటారు, హైదరాబాదులో ఆషూర్‌ఖానా అంటారు. ఇవి ఒకటేనా? చాలావరకు ఒకటే, కానీ పూర్తిగా కాదు. నిప్పుల గుండాన్ని అలావా అంటారు. కొన్ని ఊళ్లలో పీర్లను ఎత్తుకునేవారు హిందువులే. అనంతపురం ప్రాంతంలోని గూగూడు కుళ్లాయిస్వామి పీరు మీద అఫ్సర్ ఇంగ్లీషులో రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. దానిని ఒక గ్రంథపాలకుడు ఇస్లాంలో పెట్టవచ్చు, ఇంకొకరు పండుగలు, ఆచారాల 394లో, వేరొకరు జానపద విజ్ఞానపు 398లో పెట్టవచ్చు. ముగ్గురి దగ్గరా కారణాలు ఉంటాయి. నెల్లూరు రొట్టెల పండుగకూ ఇదే గతి. బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంలో రొట్టెలు మార్చుకునేవారిలో ఎవరు ఏ మతంవారో లెక్కపెట్టడం ఎవరి తరం?

ఇక్కడ మన ఉలమాల నుంచి అభ్యంతరం వస్తుందని మాకు తెలుసు. పీర్ల పండుగను 297తో ముడివేస్తే అది ఇస్లాం అని మీరు ధ్రువపత్రం ఇచ్చినట్టు కాదా అంటారు. కాదు. కేటలాగు ఫత్వా కాదు. ఏది ధర్మం, ఏది బిద్‌అత్ అని తేల్చే అధికారం పుస్తకాల జాబితాకు లేదు, ఉండకూడదు. అందుకే 'అంతర్భాగం' అనే ముడి వేయకుండా 'సంబంధితం' అనే ముడి వేస్తాము. బిద్‌అత్ అని ఖండిస్తూ పుస్తకం రాసిన మౌలానాకు కూడా, తాను ఖండించే విషయం మీద ఎవరేం రాశారో తెలియాలి కదా! ముడి వేయకుండా వదిలేస్తే అది మొత్తంగా జానపదంలోకి వెళ్లిపోతుంది. తెలుగు గ్రామాలలో ముస్లింలు ఎలా బతికారన్న చరిత్రలో సగం దానితో పాటే వెళ్లిపోతుంది.

మాటలను ఎంచుకోవడంలోనూ రాజకీయం ఉన్నది. బీసీ జాబితానే మళ్లీ తీయండి. బీసీ-బిలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష అనే నాలుగు పేర్లూ ఒకే పద్దు కింద ఉన్నాయి. ఏ పేరు చెప్పుకున్నవాడికైనా హక్కు దక్కాలని ప్రభుత్వ గెజిట్ నాలుగూ రాసుకున్నది. మన గ్రంథాలయాల కేటలాగులలో ఒక పేరుతో వెదికితే మిగతా మూడూ రావు. ఈ నాలుగింటిలో ప్రధానమైన మాట ఏది కావాలి? దూదేకుల అనే మాటలో చులకన వినిపిస్తుందని నూర్‌బాషా అనే పేరునే కోరుకునేవారు ఉన్నారు. ఆ వృత్తి పేరునే తలెత్తుకుని చెప్పుకునేవారూ ఉన్నారు. దీనిని నిర్ణయించవలసింది మేము కాదు, సయ్యదులో పఠాన్లో కూడా కాదు. ఆ సముదాయంవారే. మన బయటివారు మనకు పేరు పెడితే కోపం వచ్చే మనం, మన లోపలివారికి మనం పేరు పెట్టడం న్యాయం కాదు.

పాత మాటల విషయంలో మా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. 'మహమ్మదీయ మతం', 'తురకలు', 'తురకం' వంటి మాటలను జాబితాలోంచి చెరిపివేయకూడదు. ప్రధాన మాటగా అవి ఎప్పటికీ ఉండరాదు. కానీ వందేళ్ల నాటి తెలుగు పత్రికలలో, శాసనాల వ్యాఖ్యానాలలో, కైఫీయతులలో మన ఉనికి దొరికేది ఆ మాటల కిందనే. 'మహమ్మదీయ మతం, చూడుము: ఇస్లాం' అని ఒక గీత గీసి ఉంచాలి. ఆ గీత లేకపోతే రేపటి పరిశోధక విద్యార్థికి తాతముత్తాతల కాలం తలుపు మూసుకుపోతుంది. ఒకప్పుడు మనల్ని ఎలా పిలిచారన్నది దాచుకోవలసిన సిగ్గు కాదు, పిలిచినవారి గురించి సాక్ష్యం.

ఉర్దూ గురించి ఒక్క మాట. డ్యూయీలో హిందీ సాహిత్యానికి 891.43, ఉర్దూకు 891.439. హిందీ సంఖ్యకు తోకలా ఉర్దూ. కులీ కుతుబ్‌షా దక్ఖనీ గజల్ ఈ తోక చివర వేలాడుతున్నది. అంకెను మనం మార్చలేము. ఆ వర్గీకరణ హక్కులు 1988 నుంచి ఓసీఎల్‌సీ అనే అమెరికా సంస్థ చేతిలో ఉన్నాయి. కానీ 'దక్ఖనీ' అనే మాటను మన జాబితాలో సొంత పద్దుగా పెట్టి, ఉర్దూకూ తెలుగుకూ రెండు వైపులా ముడివేయకుండా ఎవరు ఆపగలరు?

ఇక ఆచరణ. మన ప్రభుత్వ గ్రంథాలయాలలో, కళాశాలలలో ఇప్పుడు వాడుతున్న కోహా, ఈ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లలో మాటలనూ మారుపేర్లనూ నమోదు చేసుకునే వీలు ఉన్నది. ఖాళీగా ఉన్నది జాబితా స్థానమే. ఆ జాబితా తయారీకి కోట్లు అక్కరలేదు. ఒక గ్రంథపాలకుడు, ఒక ఆలిం, ఒక తెలుగు అధ్యాపకుడు, వక్ఫు కేసులు నడిపిన ఒక న్యాయవాది కూర్చుంటే మొదలవుతుంది. ఈ నలుగురిలో ఇద్దరైనా స్త్రీలు ఉండాలి. లేకపోతే ఖులా, మెహర్, ఇద్దత్ వంటి మాటలు మళ్లీ 'విడాకులు' అనే ఒక్క ముడిలో కట్టేయబడతాయి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల గ్రంథాలయ శాస్త్ర విభాగాలు, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దీనిని విద్యార్థుల ప్రాజెక్టుగా తీసుకోవాలని మేము బహిరంగంగా కోరుతున్నాము. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ జాబితాను తమ కంప్యూటర్లలో ఎక్కించుకోవాలని కూడా కోరుతున్నాము. దీనికి జీవో అవసరం లేదు, సుముఖత చాలు.

పెద్ద సమస్యలు ఇన్ని ఉండగా ఈ అల్పవిషయం ఎందుకని మమ్మల్ని ఇప్పటికే ఒకరిద్దరు అడిగారు. వారిలో ఒక మిత్రుడు పాతికేళ్లుగా ఒక దర్గా భూమి కోసం పోరాడుతున్నారు. ఆయన దగ్గర ఉన్న ఫైలు తెరిచి చూశాము. అందులో ఒకే భూమికి ఉర్దూలో ఒక పేరు, తెలుగులో రెండు, ఇంగ్లీషులో మూడు స్పెల్లింగులు ఉన్నాయి. వాటన్నిటినీ ఆయన ఒక పాత డైరీ చివరి పేజీలో చేత్తో వరుసగా రాసుకున్నారు, పక్కన ఏ కాగితం ఏ ఆఫీసులో దొరికిందో గుర్తు పెట్టుకున్నారు. మేము ఇంతసేపూ చెప్పిన పని అదే అని చెబితే ఆయన నవ్వి, ఆ పేజీని ఫొటో తీసుకోనిచ్చారు.

పాఠకులు తమ ఊళ్లోని మాటలను రాసి పంపాలని మా విన్నపం. పీర్ల చావిడిని మీ ఊళ్లో ఏమంటారు? కబరస్తాన్‌ను రెవెన్యూ కాగితంలో ఏమని రాశారు? ఏ మాటను మీ పెద్దలు వాడేవారు, ఏ మాటను మీరు మానేశారు, ఎందుకు మానేశారు? ఒక్కో మాట పక్కన ఊరు, మండలం, జిల్లా తప్పక రాయండి. ఉర్దూ మాటైతే ఉర్దూ లిపిలోనూ తెలుగు లిపిలోనూ రాయండి. అందినవాటిని అందినట్టే, మేము దిద్దకుండా, వచ్చే సంచిక నుంచి అచ్చువేస్తాము.